ఉపచ్ఛాయ చంద్రగ్రహణం – సారోస్ చక్రం

ఈ విభాగం చదివిన తరువాత ఉపచ్ఛాయ గ్రహణం కంటికి సరిగా ఎందుకు తెలియదో, అదే తరహా గ్రహణం 18 సంవత్సరాలకు మళ్ళీ ఎందుకు వస్తుందో మీరు వివరించగలుగుతారు.

1. రెండు రకాల నీడ

విశాఖపట్నం ఆటోనగర్‌లోని ఏ షెడ్డులోనైనా ట్యూబ్‌లైటు కింద ఒక రేకు ముక్కను నేలకు కొంత ఎత్తులో పట్టుకోండి. నీడ నడుమ చిక్కగా, అంచుల్లో పలుచగా ఉంటుంది. చిక్కని చోటి నుంచి పైకి చూస్తే దీపం అసలు కనిపించదు. పలుచని చోటి నుంచి కొంత కనిపిస్తుంది. భూమి నీడ కూడా ఇంతే. చిక్కని భాగం ప్రచ్ఛాయ, పలుచని భాగం ఉపచ్ఛాయ. చంద్రుడు ఉపచ్ఛాయలో మాత్రమే ప్రయాణిస్తే అతనిపై కొంత సూర్యకాంతి పడుతూనే ఉంటుంది. కాబట్టి బింబం నల్లబడదు, మసకబారుతుంది.

2. 2027 ఫిబ్రవరి 21 తెల్లవారుజాము

ఆ రోజు భారత కాలమానం ప్రకారం సుమారు 2.40 గంటలకు గ్రహణం మొదలై, 4.43 ప్రాంతంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అప్పుడు చంద్రుని వ్యాసంలో సుమారు 93 శాతం ఉపచ్ఛాయలో ఉంటుంది. 6.40 ప్రాంతంలో గ్రహణం ముగిసేలోపే విశాఖలో చంద్రుడు అస్తమిస్తాడు. పడమటి ఆకాశంలో బింబపు ఉత్తరపు అంచును, అంటే మన కుడివైపు అంచును, గమనించాలి.

3. సారోస్ చక్రం

గ్రహణానికి రెండు షరతులు ఉన్నాయి: పౌర్ణమి కావాలి, చంద్రుడు తన కక్ష్య భూకక్ష్యాతలాన్ని ఖండించే పాతబిందువుకు దగ్గరగా ఉండాలి. 223 చాంద్రమాసాలకు 6585.32 రోజులు; పాతబిందువు వద్దకు 242 సార్లు చేరడానికి 6585.36 రోజులు. ఈ రెండూ దాదాపు సమానం కనుక సుమారు 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలకు గ్రహణం పునరావృతమవుతుంది. ఇదే సారోస్. 2027 గ్రహణం 143వ సారోస్‌కు చెందినది. దీని ముందుది 2009 ఫిబ్రవరి 9న రాత్రి వచ్చింది; తరువాతిది 2045 మార్చి 3న వస్తుంది.

అదనపు 8 గంటల్లో భూమి మూడో వంతు తిరుగుతుంది. అందుకే 2045 గ్రహణ సమయానికి మనకు మధ్యాహ్నం. అది ఇక్కడ కనిపించదు. మూడు సారోస్‌లకు, అంటే 54 సంవత్సరాల 33 రోజులకు, గ్రహణం దాదాపు అదే వేళకు తిరిగి వస్తుంది. 2009 నాటి దానికి జోడు 2063 మార్చి 14 రాత్రి వస్తుంది. రెండు కాలాల మధ్య ఉన్న చిన్న తేడా పేరుకోవడం వల్ల అప్పటికి చంద్రుని అంచు ప్రచ్ఛాయను తాకి, అది పాక్షిక గ్రహణమవుతుంది.

4. పరిశీలన

"ఏమీ కనబడలేదు, లెక్క తప్పింది" అనుకోవద్దు. గరిష్ఠ సమయంలో ఒక ఫొటో తీసి, అందులోని రెండు అంచులను పోల్చండి. చంద్రుడు కిందికి దిగేకొద్దీ వాతావరణం వల్ల బింబమంతా మసకబారుతుంది. అంచుల మధ్య తేడా మాత్రం నీడ వల్లే వస్తుంది. సంప్రదాయ పంచాంగాలు కూడా సాధారణంగా ఈ గ్రహణానికి ఆచరణ నియమాలు చెప్పవు. అయినా గర్భిణులు అన్నం, నీళ్ళు మానాలని సందేశాలు తిరుగుతుంటాయి. వారికి చేటు చేసేది ఆకలి, దాహం. చంద్రుని వెలుగు కాదు. ఇంట్లో ఈ మాట చెప్పగలిగితే ఈ పాఠం మీకు అర్థమైనట్లే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: 2027 గ్రహణానికి మూడు సారోస్‌ల తరువాత వచ్చే గ్రహణం ఏ సంవత్సరంలో, విశాఖలో సుమారు ఏ వేళకు వస్తుంది?