మూడు కొండలు, ఒక త్రాడు

విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారం వద్ద మూడు చిన్న కొండలున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి కోవెల, వేరొకదానిపై ఇసాక్ మదీనావారి దర్గా, మరియొకదానిపై మేరీమాత చర్చి. 1864లో రాస్ అను దొర ఇల్లు కట్టుకొన్నందున ఈ చివరిదానికి రాస్ కొండ అని పేరు వచ్చినది. మతసామరస్యాన్ని గూర్చి వ్యాసం వ్రాసే విద్యార్థి ఎవరూ ఈ కొండలను ఉదాహరింపక మానరు. మేమూ అట్లు వ్రాసినవారమే. కాని కొండలు ప్రక్కప్రక్కన ఉన్నంత మాత్రాన వాటి క్రింద పెరిగే పిల్లలు ఒకరినొకరు ఎరుగుదురా?

మేము తెలుగు బోధిస్తామని విన్న చిన్నపిల్లలు నేటికీ "సాయిబుగారు తెలుగు మాస్టారా?" అని విస్తుపోతారు. అందులో ద్వేషం లేదు, తెలియనితనమే ఉన్నది. అది పెద్దతనం దాకా అట్లే నిలిచిపోతుందేమోనన్నదే మా భయం.

ఒకసారి మా వాడలోని పిల్లలను ఆ మూడు కొండలకూ తీసికొనిపోయినాము. దారి పొడవునా సామరస్యంపై ఉపన్యసించినాము. ఫలహారాల వేళకు ఎవరి జట్టు వారిదే అయినది. మా ఉపన్యాసం అంతగా రక్తి కట్టినదన్నమాట!

ఇందుకు కారణం ముజఫర్ షెరిఫ్ పరిశోధనలో కనిపించినది. టర్కీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1954లో ఓక్లహామా రాష్ట్రంలో 22 మంది బాలురను రెండు జట్లు చేసి వేసవి శిబిరం నడిపినాడు. అందరూ పదకొండేండ్ల ప్రాయం వారే. మతంలోనూ, వర్ణంలోనూ, స్థితిగతులలోనూ వారికి భేదం లేదు. అయినా పోటీలు మొదలు కాగానే ఒక జట్టు జెండాను మరొక జట్టు తగులబెట్టినది. అందరినీ ఒకేచోట భోజనానికి కూర్చుండబెడితే తినుబండారాలే ఆయుధాలైనవి. అటుపై పరిశోధకులే యుక్తిగా శిబిరానికి నీరు రాకుండా చేసినారు. లోపమెక్కడో వెదకడానికి ఇరుజట్లూ కలువక తప్పలేదు. ఆహారం తెచ్చే లారీ కదలదని చెప్పగా, లోగడ పోటీలో ఒకరిపై ఒకరు లాగిన త్రాటితోనే ఇప్పుడందరూ ఒకే వైపు నిలిచి దానిని లాగినారు. వైరం ఒక్కనాట పోలేదు. ఇట్టి పనులు ఒకదాని వెంట ఒకటి వచ్చినకొలదీ సన్నగిల్లినది. తిరుగు ప్రయాణంలో ఒక జట్టు తాము గెలిచిన అయిదు డాలర్లతో అందరికీ పానీయాలు కొనిపెట్టినది.

మరుసటి మారు మేము ఉపన్యాసం మానినాము. వేర్వేరు ఇండ్ల పిల్లలను ఇద్దరిద్దరిగా జతచేసి, జతకొక కాగితం, ఒకే పెన్సిలు ఇచ్చి, మూడు కొండల నడుమనున్న వీధుల పటం గీయమన్నాము. దర్గా మెట్లకు దగ్గరి సందు ఒకరికి తెలుసు. చర్చి వెనుక దారి మరొకరికి. అడుగనిదే పటం పూర్తి కాదు. ఒక జతలో పెద్ద తగవే వచ్చినది. వీధికుళాయి మా సందులోనిదని ఒకడు, కాదు మాదేనని రెండవవాడు. వెళ్ళి చూడగా అది మలుపు మీద ఉన్నది. రెండు ఇండ్ల బిందెలూ అక్కడే వరుసలో ఉన్నవి.