జ్ఞాకి పన్నెండు బైట్లు

లినక్స్ వాడేవాళ్ల ఫాంట్ల జాబితాలో పోతన కనబడతాడు. కవి బమ్మెర పోతనే. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన2000, వేమన2000 ఫాంట్లు తయారుచేసి, అందరూ స్వేచ్ఛగా వాడుకునేలా ఇచ్చేశారు.

ఫాంట్ ఉన్నంతమాత్రాన అక్షరం తెరమీదికి రాదు. మీట నొక్కగానే ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి దూకుతుంది. దీన్నే ఇంటరప్ట్ అంటారు. ఏ మీటో పై ప్రోగ్రాములకు చెప్పడంతో కెర్నల్ పని సరి. దానికి తెలుగూ రాదు, ఇంగ్లిషూ రాదు. దాచమంటే బైట్లు దాస్తుంది.

జ, పొల్లు, ఞ, దీర్ఘం: యూనికోడ్‌లో "జ్ఞా" నాలుగు సంకేతాలు. ఒక్కోదానికి మూడు చొప్పున 12 బైట్లు. ఈ లెక్క, యూనికోడ్ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిది. 1969లో యూనిక్స్ మొదలుపెట్టిన కెన్ థాంప్సనే, 1992లో న్యూజెర్సీ హోటల్లో రాబ్ పైక్‌తో భోంచేస్తూ, ప్లేటు కింద పరిచిన కాగితం మీద దీన్ని గీశాడు. ఫోల్డర్లను విడదీసే ఏటవాలు గీత (/) బైటు మరే అక్షరంలోనూ దొర్లకుండా చూశాడు. అందుకే కెర్నల్‌ను మార్చకుండానే ఫోల్డర్‌కు తెలుగు పేరు పెట్టగలుగుతున్నాం.

అసలు తిప్పలు బొమ్మ గీసేటప్పుడు. వరసలో దీర్ఘం ఞ తర్వాత ఉన్నా తగిలేది జకి. ఞ వత్తై కిందికి దిగుతుంది. లినక్స్‌లో ఈ కూర్పు హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. "సాఫ్ట్‌వేర్"లో ట కింద వ వత్తు పడకూడదంటే మధ్యలో కంటికి కనబడని సంకేతం ఒకటి పెడతాం.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను పడగొట్టిందీ అదే. జ్ఞ తర్వాత ఆ సంకేతం, ఆపైన దీర్ఘం వస్తే అక్షరాలు కూర్చే కోర్‌టెక్స్ట్ తడబడేది. సందేశం నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీన్ నడిపే ప్రోగ్రామే కూలేది. లేచి మళ్లీ అదే చూపబోయి మళ్లీ కూలేది. ఫోన్లను కూల్చే తెలుగు అక్షరమంటూ లోకమంతా వార్తలు. అన్యాయం! కొన్ని బెంగాలీ, దేవనాగరి వరసలకూ అదే గతి పట్టింది. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో ఆ లోపం సరిచేశారు.