గుట్టమీది పొదలు – వాటి పొదుపు

జగిత్యాల నుండి కొండగట్టు వైపు గాని, సిరిసిల్ల నుండి వేములవాడ వైపు గాని పోయే బాటసారికి దారిలో బోడిగుట్టలు కనిపిస్తవి. పెద్ద చెట్లు ఏనాడో గొడ్డలికి పోయినవి. మిగిలినవి తంగేడు, పరికి, రేగు, బలుసు, తునికి, సీతాఫలం వంటి పొదలు. ఎందుకూ కొరగాని తుప్పలని వాటిని తీసివేయడం మనకు పరిపాటి. కాని గుట్టకు మిగిలిన ఆస్తి చాలవరకు ఆ తుప్పలలోనే వున్నది.

ఆ ఆస్తి యేమిటి? నత్రజని, భాస్వరం, పొటాషియం మొదలైన పోషకాలు. భాస్వరం రాయి చివికితే రావలసినదే. గ్రానైటు రాయి చివికి మన్ను కావడానికి వేల యేండ్లు పట్టును. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే అయినా, మొక్క దానిని నేరుగా గ్రహించలేదు. కొత్త ఆదాయం ఇంత స్వల్పమైనప్పుడు, ఉన్న సొమ్మునే మళ్ళీ మళ్ళీ త్రిప్పుకొనడం తప్ప పొదకు గత్యంతరం లేదు.

ఆ పొదుపు చూడదగినది. ఆకు రాల్చబోయే ముందు పొద అందులోని నత్రజని, భాస్వరాలలో సుమారు సగం కొమ్మలలోకి వెనుకకు తీసుకొంటుంది. మిగిలినది ఆకుతో నేలకు చేరుతుంది. దానిని చెదలు తుంచుతవి, శిలీంధ్రాలు కుళ్ళజేస్తవి. తొలకరి చినుకు పడగానే సూక్ష్మజీవులు ఒక్కుమ్మడిగా మేల్కొని పోషకాలను విడుదల చేస్తవి. వేళ్ళు వాటిని అందుకొంటవి. గాలికి, వానకు కొట్టుకొనివచ్చే ఆకు, దుమ్ము కూడా పొద మొదట చిక్కుకొంటవి. అందుచేతనే పొద క్రింది మన్ను ప్రక్కనున్న బట్టనేలకన్న సారవంతం.

2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు సంగతి చూడండి. అది కంది, చిక్కుడుల కుటుంబానిదే. కాని కంది వేళ్ళకుండే నత్రజని బుడిపెలు దీనికి లేవు. దాని ఆకులోని నత్రజని అంతా గుట్ట మట్టిలోనిదే. వరిమడిలో తొక్కడానికి దింపిన ప్రతి తంగేడు మోపూ గుట్ట ఖాతాలో ఖర్చే.

అంతకన్న పెద్ద ఖర్చు నిప్పు. పచ్చగడ్డి మొలవాలని, తునికి చిగుర్చాలని వేసవిలో నిప్పు పెట్టే అలవాటు కొన్నిచోట్ల కలదు. వేడి 200 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే నత్రజని పొగలో కలిసిపోవడం మొదలవుతుంది. భాస్వరం, పొటాషియం చాలవరకు బూడిదలో మిగులుతవి. చిగురు పచ్చగా రావడం ఆ బూడిద చలవే. కాని అది ఒక్క కారు వైభవం. ఆకుపొర లేని వాలుమీద మొదటి పెద్దవానకే బూడిదా, మన్నూ కలిసి వాగులో పడుతవి.

అవి పోయి చేరేది చెరువుకు. 2015లో మిషన్ కాకతీయ ఆరంభమైనప్పుడు రైతులు పూడికమట్టిని పొలాలకు తోలుకొన్నారు. అది మంచి పనియే. ఆ మట్టిలో గుట్టసారం కూడా కలదు. కాని పొలానికి బండి తోలేవారున్నారు గాని, గుట్టపైకి తోలేవారు లేరు.

కనుక సారాన్ని గుట్టమీదనే నిలుపుకొనడం మేలు. అందుకు వ్యయం స్వల్పం: వేసవిలో నిప్పు పెట్టరాదు, రాలిన ఆకును ఊడ్చరాదు, వంటచెరకుకు కొమ్మ నరికినా మొదలు పెకలించరాదు, వాలుకు అడ్డంగా చిన్న కందకాలు తీయవలెను. కోరుట్ల రైతుకైనా, సిరిసిల్ల రైతుకైనా తన చెరువు ఎంతకాలం పూడకుండా వుంటుందో, పైనున్న తుప్పలు కూడా నిర్ణయిస్తవి.