అరిగిన బూటుతో అడుగడుగునా ముప్పు
సకాలంలో అడుగు మార్పిస్తేనే మన్నిక

మహానంది: నంద్యాల నుంచి మహానందికి సుమారు 15 కిలోమీటర్ల దూరం. కార్తిక మాసంలోను, మహాశివరాత్రికి ద్విచక్ర వాహనాలపై వచ్చే భక్తులు అనేకులు. అరటి తోటలకు వెళ్లే రైతులకు, గాజులపల్లె మీదుగా నల్లమల ఘాట్‌లో గిద్దలూరు వైపు సాగేవారికి మోటారు సైకిలే ఆధారం. టైరు అరిగితే వెంటనే మార్పించే వాహనదారులు బూటు అడుగు అరిగితే మాత్రం పట్టించుకోరు. బండి ఆగిన ప్రతిసారీ భారం మోసేది కాలే. ఇసుక మేటపైనో, తడిసిన తారుపైనో మోపిన కాలు జారితే బండి మీద పడి చీలమండ విరిగే ప్రమాదముంది.

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ శిరస్త్రాణాన్ని తప్పనిసరి చేసింది. చెప్పులతో బండి నడిపినా జరిమానా లేదని కేంద్ర రవాణా మంత్రి కార్యాలయం 2019లో స్పష్టం చేసింది. కనుక పాదాల రక్షణ వాహనదారుడి బాధ్యతే.

గుర్తించడం ఇలా..
అడుగున గాళ్లు చెరిగి నునుపు తేలినా, మడమ ఒకవైపే అరిగినా మరమ్మతుకు సమయం వచ్చినట్లే. అరుగుదల మధ్యపొరను తాకక ముందే కొత్త అడుగు వేయించాలి. ఆ పొర కూడా దెబ్బతింటే ఖర్చు పెరుగుతుంది.

అన్నింటికీ సాధ్యం కాదు
అంచు వెంబడి దారంతో కుట్టిన తోలు బూట్లకు అడుగు మార్చడం సులభం. జిగురుతో అతికించిన వాటికీ వీలుంటుంది. అచ్చులో పోసి పైభాగంతో కలిపేసిన పాలీయురేథేన్ అడుగును మార్చడం కష్టం. పైగా ఇది గాలిలోని తేమకు క్రమంగా క్షీణించి, వాడకుండా దాచినా కొన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది.

పని జరిగే తీరు
పాత అడుగును ఊడదీసి, అతికే భాగాన్ని గరుకుగా రుద్దుతారు. రెండువైపులా జిగురు పూసి, తడి ఆరాక గట్టిగా అదుముతారు. ఆపై ఆరెతో రంధ్రాలు చేసి అంచు కుడతారు. జిగురు పూర్తిగా పట్టేందుకు ఒక రోజు వాడకుండా ఉంచడం మేలు. నునుపైన టైరు ముక్క ఎక్కువకాలం మన్నినా తడిలో జారుతుంది. గాళ్లున్న రబ్బరునే కోరి వేయించుకోవాలి.

కొత్తవి ఎప్పుడు?
పైతోలు పగిలినా, చీలమండ వద్ద బిగువు సడలినా, లోపలి అట్ట కుళ్లినా మరమ్మతు వృథా. బొటనవేలితో గేరు ఎత్తే బండ్లపై ఎడమ బూటు ముందుభాగం త్వరగా అరుగుతుంది. అక్కడ తోలు ముక్క కుట్టిస్తే సరిపోతుంది. తడిసిన బూట్లను మండుటెండలో కాక నీడలో ఆరబెడితే తోలు పగలదు. ప్రయాణానికి ముందు టైర్లతోపాటు బూటు అడుగునూ ఒకసారి తిరగేసి చూసుకోవడం క్షేమం.