చిన్న పెరటిలో ఏడు నెలల పూలు



చెరకు తోటల పనికి ఓడలెక్కి వెళ్ళిన మన పెద్దలకు నేటాలులో గాని, మారిషస్‌లో గాని, ఫిజీలో గాని పూజకు పూల కొరత ఉండేది కాదు. వాకిట్లో మందారం ఉంటే చాలు. కెనడా చేరిన మనకు ఆ భాగ్యం లేదు. మా అత్తగారు ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలోనే ఒక మందారం కొని నేలలో నాటారు. అక్టోబరు చలికి అది నల్లబడి చచ్చింది. "ఈ నేల మనకు పూలివ్వదు" అని ఆమె మళ్ళీ పార పట్టలేదు.

నేల తప్పు కాదు, ఎంపిక తప్పు. శీతాకాలంలో పైన ఎండిపోయినా వేరు బతికి, ఏటా తిరిగి చిగిర్చే బహువార్షిక మొక్కలు కావాలి. కెనడాను చలి తీవ్రతను బట్టి 0 నుండి 9 వరకు జోన్లుగా విభజించారు. మొక్క చీటీ మీది అంకె మీ ఊరి జోను అంకెకు సమానంగా గాని, తక్కువగా గాని ఉండాలి.

రెండవ సంగతి. ఈ మొక్కల్లో చాలా వాటికి పూత కొద్ది వారాలే. మే నెలలో ఒక్కసారే నర్సరీకి వెళ్ళి, అప్పుడు పూసినవన్నీ కొంటే, ఆగస్టులో పెరడు బోసిపోతుంది. కావున నెలకొక మొక్క చొప్పున ఎంచుకోవాలి. దక్షిణ ఒంటారియోలో ఎండ తగిలే చోట ఈ వరుస బాగుంటుంది:

ఏప్రిల్: క్రోకస్ (దుంపలు ముందటి అక్టోబరులోనే పాతాలి).
మే: నేల మీద పరచుకునే ఫ్లాక్స్.
జూన్: పియోనీ. దాని మొగ్గ కన్నులు రెండు అంగుళాల కంటె లోతుకు పోతే పూయదు.
జూలై: డేలిలీ. ఒక్కొక్క పువ్వు ఒక్క రోజే ఉంటుంది, కాని మొగ్గలు వారాల తరబడి వస్తూనే ఉంటాయి.
ఆగస్టు: రడ్‌బెకియా, చలికి ఓర్చే మందారం.
సెప్టెంబరు, అక్టోబరు: ఆస్టర్. ఇది మన చేమంతి కుటుంబానిదే.

అవును, మందారమే! ఒంటారియో దక్షిణపు చిత్తడి నేలల్లో సహజంగా పెరిగే జాతి ఒకటుంది. నీరు బాగా పోయాలి. జూన్ దాకా చిగురు కనబడకపోవచ్చు. చచ్చిందని తవ్వి పారవేయకండి.

మొదటి ఏడు ఏ మొక్కయినా వేళ్ళకే బలం పెడుతుంది. నిండుగా పూయడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఓపిక ముఖ్యం.

మా అత్తగారికి కిందటేడు ఆ మందారం చూపించాం. ఆగస్టులో విప్పారిన మొదటి పువ్వును ఆమే కోసి అమ్మవారి పటానికి పెట్టారు. దసరాకు ఆస్టర్లు మాల కట్టారు. ఈ వసంతంలో పార తనకే ఇమ్మన్నారు.