పళ్లెంలో ఎనిమిది రూపాయలు

అంగన్‌వాడీ పిల్లల తిండిలో కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత? మూడు వరుసల పట్టిక చెప్పే పెద్ద కథ.

ఈ ఆదివారానికి ఎడిటర్ గారు అప్పగించింది పెద్ద విషయం. ప్రజారోగ్యం, సంక్షేమం విషయంలో కేంద్రం బాధ్యత ఎక్కడిదాకా, రాష్ట్రం బాధ్యత ఎక్కడి నుంచి? శుక్రవారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి. రాజ్యాంగం, ఆర్థిక సంఘాల లెక్కలు, పథకాల మార్గదర్శకాలు ముందేసుకుని తిరగేస్తుంటే వాటన్నిటి మధ్య ఒక చిన్న పట్టిక నన్ను పట్టి ఆపేసింది. అంగన్‌వాడీలో పెట్టే తిండికి ఒక్కొక్కరి మీద రోజుకు ఎంత ఖర్చు చేయాలో 2017లో కేంద్రం సవరించిన ధరల పట్టిక అది.

అందులో ఉన్నవి మూడే వరుసలు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు రూ.8. గర్భిణులకు, బాలింతలకు రూ.9.50. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలకు రూ.12. ఏడాదికి 300 రోజులు పెట్టాలి. మన రాష్ట్రాలకు ఖర్చు చెరిసగం. అంటే ఒక్కో బిడ్డ పళ్లెంలో ఢిల్లీవి నాలుగు రూపాయలు, అమరావతివో హైదరాబాదువో మరో నాలుగు. ఏడాది మొత్తానికి కేంద్రం ఒక బిడ్డకు పెట్టేది 1,200 రూపాయలు.

కేంద్ర–రాష్ట్ర సంబంధాల గురించి ఎన్ని పెద్ద మాటలు చెప్పుకున్నా, అవి చివరికి తేలేది ఈ నాలుగు రూపాయల దగ్గరే.

గుడ్డు ఎవరిది?

గుంటూరు జిల్లాలో ఒక ఊరి అంగన్‌వాడీ సెంటర్‌కు మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్లాను. ఆయా పప్పు కలిపిన అన్నం వడ్డిస్తుంటే టీచర్ ఉడికిన గుడ్లు వలిచి ఒక్కొక్కటీ పళ్లేల్లో పెడుతున్నారు. పెంకు మీద చిన్న రంగు ముద్ర ఉంది. సరుకు బయటికి పోకుండా ఉండేందుకు వేస్తారట. ఒక పాప గుడ్డులో తెల్లదంతా తినేసి పచ్చసొన పక్కన పెట్టింది. టీచర్ పక్కనే కూర్చుని, సొనను అన్నంలో చిదిమి, ముద్దలు చేసి తినిపించారు. “ఇంటి దగ్గర రోజూ గుడ్డంటే వీళ్లకెక్కడ కుదురుతుంది సార్? ఇక్కడ తింటేనే” అన్నారు.

ఇప్పుడు పట్టిక తీయండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని ఆహార భద్రతా చట్టం 2013లోనే రాసిపెట్టింది. ఒక గుడ్డులో ఉండేది సుమారు ఆరు గ్రాములు. అంటే ఆ మాంసకృత్తుల్లో దాదాపు సగం ఆ ఒక్క గుడ్డులోనే ఉంది. దుకాణంలో గుడ్డు ధర ఆరేడు రూపాయల మధ్య తిరుగుతోంది. ఢిల్లీ నాలుగు రూపాయలతో గుడ్డు రాదు. రెండు వాటాలూ కలిపిన ఎనిమిదిలో గుడ్డు కొంటే, పప్పుకు, నూనెకు, కూరకు మిగిలేది చిల్లరే. బియ్యం రాయితీ ధరకు వస్తున్నాయి కనుక ఆ మాత్రం నడుస్తోంది.

గుడ్డు పెట్టాలని కేంద్రం ఎక్కడా పట్టుబట్టలేదు. ఆ నిర్ణయం రాష్ట్రాలదే. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం గిరిజన ప్రాంతాల అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టాలన్న ప్రతిపాదనను తోసిపుచ్చింది. అదే ఏడాది జనవరి 1న తెలంగాణ ఆరోగ్యలక్ష్మి మొదలుపెట్టి గర్భిణులకు, బాలింతలకు సెంటర్‌లోనే భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఇందిరమ్మ అమృతహస్తంగా మొదలైన భోజనం ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత అన్న అమృతహస్తం అయింది, 2020లో వైఎస్సార్ సంపూర్ణ పోషణ అయింది. 77 గిరిజన మండలాలకు ‘ప్లస్’ కూడా వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. గుడ్డు మాత్రం నిలిచింది. మన రాజకీయాల్లో నాకు మనస్ఫూర్తిగా నచ్చే విషయాల్లో ఇదొకటి.

వడ్డించే చేతి లెక్క

ఆ టీచర్ గౌరవ వేతనం కూడా రెండు ఖజానాల నుంచే వస్తుంది. కేంద్రం 2018 అక్టోబరు నుంచి ఖరారు చేసిన మొత్తం నెలకు రూ.4,500. అందులో 60 శాతం, అంటే రూ.2,700 కేంద్రానిది. మిగతా రూ.1,800 రాష్ట్రానిది. దాంతో ఏ ఇల్లూ గడవదు కాబట్టి ఆంధ్రప్రదేశ్ 2019లో మొత్తాన్ని రూ.11,500 చేసింది. తెలంగాణ 2021లో రూ.13,650 చేసింది. అదనపు భారమంతా రాష్ట్రాలదే.

2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు రోడ్డెక్కి 42 రోజులు సమ్మె చేశారు. రాష్ట్రం అత్యవసర సేవల చట్టం ఎస్మాను ప్రయోగించింది. అప్పుడు పోట్లాట అంతా అదనపు మొత్తం మీదే. కేంద్రం ఖరారు చేసిన అసలు మొత్తం ఎందుకు కదలడం లేదన్నది పెద్దగా ఎవరూ అడగలేదు. వీళ్లవి ప్రభుత్వ పోస్టులు కావని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఏప్రిల్‌లో అదే కోర్టు వీళ్లు గ్రాట్యుటీకి అర్హులంది. పిల్లల బరువు, ఎత్తు కొలవడం, ఇంటింటికీ తిరగడం, కేంద్రం పోషణ్ ట్రాకర్ యాప్ నింపడం, రాష్ట్రం అడిగిన వివరాలు మళ్లీ రాష్ట్రానికి ఇవ్వడం, ఇవన్నీ చేసే మనిషి ఇద్దరు యజమానుల మధ్య నిలబడి ఉంది.

గబగబా చరిత్ర

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో అంగన్‌వాడీల మాతృ పథకం ఐసీడీఎస్ మొదలైంది. మొదట్లో తిండి ఖర్చు రాష్ట్రాలది, మిగతాది కేంద్రానిది. 2001లో పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ ఆహార హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో కోర్టు 14 లక్షల సెంటర్లు తెరవమంది. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. పద్నాలుగో ఆర్థిక సంఘం పన్నుల్లో రాష్ట్రాల వాటాను 42 శాతానికి పెంచాక, 90:10గా ఉన్న నిర్వహణ ఖర్చు 60:40 అయింది. ఆపాటికే చెరిసగమైన తిండి ఖర్చు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు పథకం పేరు సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0.

బాక్స్: ఎవరి జాబితా?
రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర జాబితాలో ఆరో అంశం. ఓడరేవుల్లో క్వారంటైన్ కేంద్రానిది. సామాజిక భద్రత, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అంటువ్యాధులు పాకకుండా ఆపడం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. 1976 నాటి 42వ సవరణతో కుటుంబ నియంత్రణ కూడా ఉమ్మడి జాబితాలో చేరింది.

బాక్స్: ముందు రాష్ట్రం, తర్వాత దేశం
తమిళనాడులో ఎంజీఆర్ మధ్యాహ్న భోజన పథకం 1982, దేశవ్యాప్త పథకం 1995. ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం 1983, ఆహార భద్రతా చట్టం 2013. వైఎస్ ఆరోగ్యశ్రీ 2007, ఆయుష్మాన్ భారత్ 2018.

బాక్స్: రూపాయి నుంచి ఎనిమిది దాకా
పిల్లల తిండికి రోజువారీ ఖర్చు చాలాకాలం ఒక్క రూపాయే. 2004 ప్రాంతంలో రెండు, 2008లో నాలుగు, 2012లో ఆరు, 2017లో ఎనిమిది.

నేల ఎవరిది, మేడ ఎవరిది

పై బాక్సుల్లో చివరి రెండూ కలిపి చదివితే ఈ కథనం సారం దొరుకుతుంది. సంక్షేమంలో కొత్త ఆలోచన ఎక్కువసార్లు రాష్ట్రాల నుంచే పుట్టింది. దాన్ని దేశంలో ప్రతి బిడ్డకూ హక్కుగా మార్చే సత్తా కేంద్రానికే ఉంది. కేంద్రం నేల వేయాలి, రాష్ట్రం మేడ కట్టుకోవాలి. నేల కుంగిపోతుంటే మేడకు దాచిన డబ్బంతా పునాది పూడ్చడానికే పోతుంది. ఈ పట్టికలో జరిగింది అదే. పాలు, గుడ్డు, ఆకుకూర అదనంగా ఇవ్వాల్సిన రాష్ట్ర నిధులు పప్పు, నూనెల ధరల వెనక పరిగెడుతున్నాయి. డబ్బున్న రాష్ట్రం ఎలాగో నెట్టుకొస్తుంది. లేని రాష్ట్రంలో బిడ్డకు ఎనిమిది రూపాయల తిండే మిగులుతుంది.

మనమేమీ గొప్ప స్థితిలో లేము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అంగన్‌వాడీ తిండి ఖర్చులను తగు విధంగా పెంచుతామని 2025–26 బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి ప్రకటించారు. మంచి మాటే. కానీ పెంపు ఎప్పుడో ఒకసారి ఇచ్చే వరంలా ఉండకూడదు. కేంద్ర ఉద్యోగి కరవు భత్యం ధరల సూచీ చూసి ఏడాదికి రెండుసార్లు సవరిస్తారు. ఆ న్యాయం మూడేళ్ల బిడ్డకు ఎందుకు దక్కకూడదు? పట్టిక కింద ఒక్క వాక్యం చేర్చండి: ఏటా ఏప్రిల్ 1న ధరలను బట్టి సవరించాలి. టీచర్ గౌరవ వేతనానికీ అదే రాయండి. రాష్ట్రాలు తాము అదనంగా ఇచ్చేది ఎంతో శాసనసభ ముందు ఏటా లెక్క చెప్పాలి. ఇవన్నీ జరిగాక గోడ మీద బోర్డు ఎవరి పేరుతో ఉన్నా నాకు అభ్యంతరం లేదు.