బీజగణితమునకు తొలి మెట్టు

మా హాలియా ప్రాంతము నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో వరి పండు సీమ. ఇచటి పిల్లలకు ధాన్యపు లెక్కలు క్రొత్తవి కావు. బస్తా తూకమెంత, తరుగెంత, చేతికి వచ్చు సొమ్మెంత యని ఇంటిలో వినుచునే యుందురు. అట్టి పిల్లలే ఆరవ, ఏడవ తరగతులలో అంకెల నడుమ ఒక అక్షరము కనబడగానే ఏల బెదరుచున్నారు? ఉపాధ్యాయుడనైన నాకు తోచిన సమాధానమును నేడు మనవిచేసెదను.

చిక్కంతయు అక్షరమునందే యున్నదని పలువురు తలంతురు. నేనును చాలకాలమట్లే తలంచితిని. కాని అది అంతకుముందే నేర్చిన సమానపు గుర్తునం దున్నది.

ఒకనాడు నల్లబల్లపై 8 + 4 = □ + 5 అని వ్రాసి, గడిలో నేమి యుండవలెనని అడిగితిని. పెక్కుమంది 12 అనిరి. కొందరు 17 అనిరి. 7 అన్నవారు కొలదిమందియే. ఏండ్ల తరబడి కూడికలు చేసి చేసి, ఆ గుర్తునకు “జవాబు వ్రాయుము” అనియే వారర్థము చేసికొనిరి. ఇరువైపుల విలువ యొక్కటియే యను భావము వారికి కలుగలేదు. 1557లో రాబర్ట్ రికార్డు అను గణితజ్ఞుడు ఈ గుర్తును తన గ్రంథమున వాడినపుడు, రెండు సమాంతర రేఖలకంటె సమానమైనవి వేరు లేవని కారణము చెప్పెను.

నేను చేసిన తప్పును దాచను. “ఆవలి పక్షమునకు పోయినచో కూడిక తీసివేత యగును” అని మంత్రమువలె వల్లింపజేసితిని. ఫలితముగా 2య = 12 అనగానే ఒక బాలుడు 12నుండి 2 తీసివేసి, య = 10 అని వ్రాసెను. ఒక బాలిక లేచి, “సార్, ఆ పక్కకు పోగానే గుర్తెందుకు మారుతుంది?” అని అడిగెను. “అది సూత్రము” అని కూర్చుండబెట్టితిని. ఆ యేడాది ఆమె మరల ప్రశ్న అడుగలేదు.

పిదప త్రాసును తరగతికి తెచ్చితిని. ఒక పళ్లెమున సమానమైన రెండు బియ్యపు మూటలు, 5 తూకపు రాళ్లు. రెండవ పళ్లెమున 17 రాళ్లు. రాళ్లన్నియు ఒకే బరువు. ముల్లు నడుమ నిలిచినది. ఇరువైపుల 5 రాళ్లు తీసితిమి, ముల్లు కదలలేదు. రెండు మూటలకు 12 రాళ్లు మిగిలెను. ఒక మూటకు 6. అప్పుడే 2య + 5 = 17 అని వ్రాసితిని. గుర్తు మారుట లేదు. ఇరువైపుల ఒకే పని జరుగుచున్నది. తుదకు 6ను తిరిగి యందుంచి సరిచూచుకొనుట పిల్లలే నేర్చిరి.

ఋణ సంఖ్యలను త్రాసు చూపజాలదు. అచట అప్పు తోడ్పడును. 628లో బ్రహ్మగుప్తుడు ధనము, ఋణము అను పేర్లతోనే వాని నియమములు చెప్పెను. తెలియని రాశులను మన పూర్వులు రంగుల పేర్లతో పిలిచిరి. పావులూరి మల్లన గణితమును తెలుగు పద్యములలో చెప్పెను. కావున ఈ విద్య మనకు పరాయిది కాదు.

ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటే. అక్షరమును చూపుటకు ముందు సమానత్వమును చూపుడు. “ఎందుకు” అని అడిగిన బిడ్డను కూర్చుండబెట్టకుడు. బీజగణితము ఆ ప్రశ్నతోనే మొలకెత్తును.